బాగున్న కాలికి కట్టు

మా ఇంట్లో కట్టు ఎప్పుడూ బాగున్న కాలికే కడతాం. ఈ మాట చెబితే మాకు పిచ్చి అనుకుంటారు. పిచ్చి కాదు, టెన్నిస్. కోర్టులో ఎదుటివాళ్ళు ముందు చూసేది మన రాకెట్‌ను కాదు, మన కాళ్ళను. ఏ మోకాలికి పట్టీ కనిపిస్తే ఆ పక్కకే బంతులు పంపి పరిగెత్తిస్తారు. అందుకని కుడి మోకాలు నొప్పిగా ఉంటే మేం ఎడమ మోకాలికి పట్టీ వేస్తాం. అవతలివాళ్ళు ఎడమ పక్కకే కొట్టుకుంటూ ఉంటారు, నొప్పి కాలికి కాస్త ఊపిరి దొరుకుతుంది. ఈ తెలివి మా తమ్ముడిది. కట్టే చేతులు నావి. కాళ్ళు మా మేనకోడలివి.

నేను ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఇక కాలు మీద కాలు వేసుకుని కూర్చుందామనుకుంటే, కూర్చుంటే తుప్పు పడతావంటూ తమ్ముడు నన్ను తన బృందంలో కలిపేసుకున్నాడు. బృందమంటే పెద్దగా ఊహించుకోకండి. వాడు కోచ్. నేను మోకాళ్ళూ మడమలూ చూస్తాను. ప్రాక్టీసులో ఎదురుగా నిలబడి ఆడటానికి ఒకతను ఉండేవాడు. మా మరదలు తన ఉద్యోగం తాను చేసుకుంటూ, మ్యాచ్‌లు టీవీలో చూసి మమ్మల్ని ఫోన్లో తిడుతుంది.

పిల్లను అందరూ ఉడుం అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు గోడకు బంతి కొడుతూ వాన వచ్చినా లోపలికి రాలేదు. తమ్ముడు రాకెట్ లాక్కోబోతే పిడి వదల్లేదు. ఆఖరికి రాకెట్‌తో పాటు పిల్లను కూడా ఇంట్లోకి ఈడ్చుకొచ్చాడు. తర్వాత పత్రికలవాళ్ళు ఆ పేరు ఎత్తుకుపోయి పెద్ద అక్షరాలతో వేసుకున్నారు. తప్పేం రాయలేదు. అది జ్వరంతో ఆడింది, వేలి గోరు ఊడితే ఆడింది, ఓడిపోయేదైతే ఆడి ఓడిపోయింది. ఏ మ్యాచ్‌నూ మధ్యలో వదిలి రాలేదు.

కట్టు సంగతి దాని చిన్నపిల్లల పోటీల రోజుల్లో మొదలైంది. మడమ బెణికితే నేను బుద్ధిగా ఆ మడమకే కట్టు కట్టి పంపాను. అవతలి పిల్ల అది చూసి, నెట్‌కు దగ్గరగా చిన్న చిన్న బంతులు వేసి దీన్ని ముందుకూ వెనక్కూ ఉరికించి ఏడిపించింది. ఆ సాయంత్రం తమ్ముడు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. తర్వాత కంచం జరిపి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇకనుంచి మన నొప్పి మన గడప దాటకూడదు," అన్నాడు. మర్నాడు రెండో మడమకు కట్టించాడు. పిల్ల గెలిచింది. ఇంకేం, మావాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇక ఆ పద్ధతి మారలేదు.

కట్టుతో సరిపెట్టలేదు, కుంటడం కూడా నేర్పాడు. మా వసారాలో నిలువుటద్దం తెచ్చి పెట్టి పిల్లను దాని ముందు నడిపించేవాడు. ఊరికే కుంటితే ఎవరూ నమ్మరట. పాయింటు అయ్యాక రెండడుగులు కుంటి, మూడో అడుగు మామూలుగా వేసి, ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూడాలట. దాస్తున్నట్టు కనబడితేనే నమ్ముతారని వాడి సిద్ధాంతం. అదీ నాన్న చెప్పింది చెప్పినట్టు చేసేది. నేను వంటింట్లోంచి చూసి, కోచ్‌గా పనికిరాకపోతే నాటకాల కంపెనీ పెట్టుకో అని వాణ్ణి ఏడిపించేదాన్ని. నవ్వినదాన్ని నేనే, పట్టీ తీసుకెళ్ళి బాగున్న కాలికి కట్టినదాన్నీ నేనే.

ఆ నాటకం మూల్యం పెద్ద కప్పు ఫైనల్లో తెలిసింది. కుడి మోకాలు అప్పటికి కొన్ని వారాలుగా సలుపుతోంది, పట్టీ ఎడమకు ఉంది. ఆఖరి సెట్‌లో పక్కకు తిరగబోతే కుడి మోకాలు మెలిపడింది. పిల్ల పడిపోలేదు గానీ, మొహం తెల్లబడటం నాకు కనబడింది. పోటీల డాక్టరు కోర్టులోకి వచ్చి ఏ కాలు అని అడిగాడు. అవతలి అమ్మాయి తన కుర్చీలోంచి కళ్ళార్పకుండా చూస్తోంది. పిల్ల ఎడమ కాలు చాపింది. డాక్టరు పాపం బాగున్న కాలికి మందు రుద్ది, నొక్కి, మడిచి చూసి, పర్లేదమ్మా ఆడుకో అని వెళ్ళిపోయాడు. లోపల చిరిగిన మోకాలితో అది గెలిచింది. కప్పు ఎత్తిన ఫోటో మీరూ చూసే ఉంటారు. అందులో అది ఒంటి కాలి మీద నిలబడి ఉంది, ఎవరూ గమనించలేదు.

ఆ రాత్రి తమ్ముడు ఆనందంతో ఏడ్చాడు. నేను వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆపరేషన్ అయింది. మోకాలి లోపలి మెత్త చాలావరకు తీసేశారు. ఆపరేషన్ చేసిన సర్జన్ నన్ను పక్కకు పిలిచి, ఈ కాలు కుదురుకుంటుంది, నా భయం దీని గురించి కాదు అంది. కుడిని కాపాడుకోవడానికి పిల్ల బరువంతా ఎడమ మీద వేస్తుంది. అందులోనూ కుడిచేతి వాటం కాబట్టి సర్వీసు కొట్టిన ప్రతిసారీ ఎడమ కాలి మీదే దిగుతుంది. ఎడమ మోకాలు నొప్పి మొదలైన రోజే ఆట ఆపాలి. ఆపకపోతే ఆట సంగతి దేవుడెరుగు, నడివయసు రాకముందే మెట్లు ఎక్కడానికి మనిషి సాయం కావాలి. ఇదీ ఆమె చెప్పింది.

నేను పిల్ల మంచం పక్కన కూర్చుని ఒట్టు వేయించుకున్నాను. "ఎడమ కాలు నొప్పి పుట్టిన రోజు ముందు నాకే చెప్పాలి. నేను చాలంటే చాలు. మీ నాన్న వినడు, నువ్వు వినవు. ఈ ఇంట్లో ఆపగలిగేదాన్ని నేనొక్కదాన్నే."

అలాగే అత్తా అంది. నా చేతిలో చెయ్యి వేసింది.

తర్వాత దానికి మళ్ళీ నడక నేర్పాను. చంక కర్రలతో మెట్ల దగ్గర నిలబెట్టి రోజూ ఒకే పాఠం. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. ఏది ముందు కోడలా అని నేను అడగాలి, అది జవాబు చెప్పి కాలు వేయాలి. కొన్నాళ్ళకు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. నా చేతుల మీదుగా ఎంతమందో ఆ పాఠం నేర్చుకుని వెళ్ళారు గానీ, ఇంత విసుక్కుంటూ నేర్చుకున్నది ఇదొక్కతే.

కోర్టుకు తిరిగి వెళ్ళాక గోరుచుట్టు మీద రోకటిపోటు. కాళ్ళ బలం తగ్గినచోట చేతి బలం వాడేసరికి మణికట్టు వాచింది. మళ్ళీ కొన్ని నెలలు ఇంట్లో. ర్యాంకు ఎక్కడికో జారిపోయింది. పెద్ద పోటీల్లో నేరుగా చోటు దొరికే మనిషి, ముందు అర్హత మ్యాచ్‌లు గెలిచి లోపలికి రావలసి వచ్చింది. పక్క పక్క కోర్టుల్లో, బెంచీ మీద ముగ్గురు కూర్చుని చూస్తుంటే ఆడింది. ఒకసారి దాన్ని చిత్తుగా ఓడించిన అమ్మాయి, చెయ్యి కలిపిన వెంటనే, చిన్నప్పటినుంచి మీరంటే ప్రాణం, ఒక్క ఫోటో దిగుతారా అని అడిగింది. మాది నవ్వుతూ దిగింది. గదికి వచ్చాక తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ప్రాక్టీసతను కూడా అప్పుడే మమ్మల్ని వదిలి వేరే క్రీడాకారిణి దగ్గర చేరాడు. పోతూ పోతూ మా కట్టు రహస్యాన్నీ పట్టుకుపోయాడు. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? అక్కడినుంచి అందరూ మా పట్టీని తిరగేసి చదవడం మొదలుపెట్టారు. ఎడమకు పట్టీ ఉంటే కుడి పక్కకే కొట్టేవాళ్ళు. మా తమ్ముడొక్కడే ఈ సంగతి ఒప్పుకోలేదు.

అయినా ఉడుం కదా. మెల్లగా గెలవసాగింది. మళ్ళీ పెద్ద కప్పుకు వచ్చేసరికి ఒక్కో మ్యాచ్ దాటుకుంటూ సెమీఫైనల్‌కు చేరింది. ఆ కప్పు మీద దానికి ఎంత ఆశో నాకు తెలుసు. మొదటిసారి గెలిచినప్పుడు కాళ్ళు లేవు అత్తా, ఒక్కసారి కాళ్ళతో గెలవాలి అనేది.

ఆ పోటీల మొదట్లోనే కుడి మోకాలు మళ్ళీ సలుపుతోందని చెప్పింది. సరే, మా పద్ధతి ప్రకారం ఎడమకు పట్టీ వేశాను. సాయంత్రాలు కుడి కాలికి ఐసు పెట్టి, నూనె రాసి మర్దన చేశాను. ఒకటి మాత్రం కొత్తగా అనిపించింది. పట్టీ వేస్తుంటే కొంచెం బిగించు అత్తా అనేది. అబద్ధం పట్టీకి బిగుతెందుకు? అడిగితే, ఊడి కిందికి జారితే నవ్వుతారు కదా అంది. నిజమే కాబోలనుకున్నాను.

సెమీఫైనల్ రోజు పొద్దున మేం అద్దెకు తీసుకున్న ఇంటి లిఫ్టు పాడైంది. తమ్ముడు ముందే కారు దగ్గరికి వెళ్ళాడు. నేను తాళం వేస్తున్నాను, పిల్ల భుజాన సంచితో ముందు దిగుతోంది. ఎందుకో దాని కాళ్ళ వైపు చూశాను. ఎడమ కాలు కింది మెట్టు మీద వేసి, పక్కకు కుడి కాలు తెచ్చుకుంటోంది. మళ్ళీ ఎడమ, మళ్ళీ పక్కకు కుడి. దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. తాళం చెవి నా చేతిలోనే ఉండిపోయింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. లోకాన్ని మేం మోసం చేస్తే, మమ్మల్ని మా కోడలు మోసం చేసింది. నొప్పి ఉన్న కాలికే పట్టీ వేయించుకుంది. పట్టీ ఉంది కాబట్టి ఆ కాలు బాగుందని ఇంట్లో ఇద్దరమూ నమ్మాం. నేను రోజూ ఏ నొప్పీ లేని కుడి మోకాలికి ఐసు పెట్టాను. ఇన్నేళ్ళ అనుభవం ఉండీ, చేతికింద వాపు లేదు, వేడి లేదు, ఎందుకు సలుపుతోందని ఒక్కసారి కూడా అడగలేదు.

స్టేడియంలో మర్దన గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. బల్ల మీద కూర్చోమని చెప్పి ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. లోపలి అంచు మీద బొటనవేలితో నొక్కాను. అది పెదవి కొరుక్కుంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"మొదటి మ్యాచ్‌నుంచి."

"నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను. చెబితే ఆపేస్తావని చెప్పలేదు." తల వంచుకుంది. "ఇంకో రెండు మ్యాచ్‌లు అత్తా. తర్వాత నువ్వేమంటే అది."

నాకు ఒళ్ళు మండింది. మీ నాన్నకు ఇప్పుడే చెబుతానన్నాను. చెప్పు, పట్టీ ఎడమ కాలికే ఉంది కదా అంటాడు, నమ్మడు అంది. అది నిజం. వాణ్ణి నమ్మించేలోపు పిల్లను కోర్టులోకి పిలుస్తారు. పట్టీ కట్టనని మొండికేస్తే అది ఒట్టి కాలితో వెళ్ళి ఆడుతుంది, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కోపంగా ఉంది, భయంగా ఉంది, దాని మొహం చూస్తే జాలిగానూ ఉంది. పట్టీ విప్పేసి, ముందు మోకాలి చిప్ప చుట్టూ టేపు వేసి, దాని మీద పట్టీ సరిగ్గా కట్టాను. నొప్పి ఉందని తెలిసి ఆ కాలికే నేను కట్టు కట్టి ఎంతకాలమైందో.

"కోర్టులోకి నేను రాలేను," అన్నాను. "అక్కడ డాక్టరు వచ్చి ఏ కాలు అని అడుగుతాడు. ఈసారైనా నిజం చెప్పు. నాకిచ్చిన మాట ఆయన దగ్గర నిలబెట్టుకో."

అది సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మొదటి సెట్ గెలిచింది. అవతలి అమ్మాయి వెనక కూర్చున్నది మా పాత ప్రాక్టీసతనే. అతను చెప్పినట్టే ఆ అమ్మాయి ప్రతి బంతీ కుడి పక్కకు వేస్తోంది. కుడి కాలు ఇప్పుడు గుండ్రాయిలా ఉంది కాబట్టి మాది హాయిగా పరిగెత్తి కొడుతోంది. కాసేపు నాకూ ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, పుట్టింది. కానీ సర్వీసు ఎవరూ పక్క మార్చి కొట్టలేరు. పైకెగిరిన ప్రతిసారీ ఎడమ కాలి మీదే దిగాలి. రెండో సెట్ మధ్యలో అలా దిగి, దిగినచోటే ఆగిపోయింది. రాకెట్‌ను నేలకు ఆనించి నిలబడింది. తర్వాత చెయ్యెత్తి డాక్టర్ను పిలిచింది.

తమ్ముడు నా పక్క కుర్చీలో ముందుకు వంగాడు. డాక్టరు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు. ఆ మాట మాకు వినబడదు, కానీ ఏమడిగాడో తెలుసు. పిల్ల తల తిప్పి మా వైపు చూసింది. నన్నే చూసిందనుకుంటాను. ఎడమ కాలు చాపి, పట్టీ తనే విప్పేసి, మోకాలి లోపలి అంచు మీద వేలు పెట్టి చూపించింది.

తమ్ముడు సంతోషంగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. "చూశావా అక్కా. పట్టీ కూడా విప్పేసింది. ఎంత బాగా చేస్తోందో."

"ఒరేయ్," అన్నాను. "అది చేయడం కాదు. ఎడమ కాలే."

"పట్టీ ఎడమకే కదా కట్టావు?"

"నొప్పి అక్కడే ఉంది, అందుకే అక్కడ కట్టాను."

వాడికి అర్థం కాలేదు. నా మీద విసుక్కుని మళ్ళీ కోర్టు వైపు తిరిగాడు. డాక్టరు ఏదో చెబుతున్నాడు, పిల్ల తలూపుతోంది. మోకాలి లోపలి మెత్త ఇంకా చిరగలేదు, ఆడితే చిరుగుతుందని ఆయన చెప్పినట్టు మాకు తర్వాత తెలిసింది. టైమైపోయింది. పిల్ల లేచి సర్వీసు గీత దగ్గరికి నడవసాగింది. తమ్ముడు ఆ నడక చూస్తున్నాడు. రెండడుగులు కుంటి మూడోది మామూలుగా వేయడం లేదు. చుట్టూ చూడటం లేదు. ప్రతి అడుగూ ఒక్కలాగే కుంటుతూ, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా వెళుతోంది.

"ఇది నేను నేర్పింది కాదు," అన్నాడు వాడు.

లేచి నిలబడ్డాడు. పిల్ల బంతిని నేలకు కొట్టుకుంటూ ఒకసారి తలెత్తింది. వాడు అరచెయ్యి ఎత్తి చూపించాడు. చాలు, వచ్చెయ్. అది తల అడ్డంగా ఊపింది. మళ్ళీ బంతి కొట్టింది. వాడు చెయ్యి దించలేదు. ఆ వయసులో, అంతమంది ముందు, బడిలో శిక్ష పడినవాడిలా చెయ్యెత్తుకుని నిలబడే ఉన్నాడు. అది బంతిని జేబులో వేసుకుని, అంపైర్ దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పింది. అవతలి అమ్మాయి నెట్ దగ్గరికి వచ్చి కౌగలించుకుని, జాలిగా కిందికి చూసింది. చూసింది మాత్రం కుడి మోకాలినే.

మేం పరిగెత్తి లోపలి దారిలో కలుసుకున్నాం. కోర్టునుంచి బట్టలు మార్చుకునే గదులకు మెట్లు దిగి వెళ్ళాలి, ఆ మెట్లకు రెండు పక్కలా ఫోటోలవాళ్ళు. వాళ్ళ ముందు మా పిల్ల ఎప్పుడూ మెట్లు గబగబా దిగేది, అదీ నాన్న పాఠమే. పై మెట్టు మీద ఆగి, రాకెట్ల సంచి ఇంకా భుజానే ఉంచుకుని, ఏం చేయాలో తెలియనట్టు నిలబడింది. తమ్ముడు సంచి తీసుకున్నాడు. ఆటగాళ్ళ సంచి ఆటగాళ్ళే మోయాలని ఇన్నేళ్ళూ దాన్ని ముట్టనివాడు.

"ఏది ముందు కోడలా?" అన్నాను.

"దెబ్బ కాలు," అంది.

ఎడమ కాలు కింది మెట్టు మీద పెట్టింది. తమ్ముడు ఆ పక్కకు వచ్చి భుజం ఇచ్చాడు. కెమెరాలు టకటకలాడుతూనే ఉన్నాయి. మెట్లన్నీ అలాగే, ఒక్కొక్కటే దిగాం.

సర్జన్ స్కాన్ చూసి సరైన రోజున ఆపారంది. చాలా నెలలు విశ్రాంతి, తర్వాత మళ్ళీ ఆడవచ్చు, ఆడలేకపోవచ్చు. మెట్లు మాత్రం ఎవరి సాయం లేకుండా ఎక్కుతుంది. అది విని పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడుస్తావేమో, ఏడు అన్నాను. తర్వాత ఏడుస్తాలే అత్తా, ఇప్పుడు ఆకలేస్తోంది అంది.

పత్రికలన్నీ ఆమె కుడి మోకాలికి తీవ్ర గాయమని రాశాయి. రహస్యం తెలిసిన పెద్దమనుషులు కదా, పట్టీని తిరగేసి చదివారు. నేను నవ్వి పక్కన పడేశాను. కాసేపటికి పక్క గదిలో తమ్ముడి గొంతు వినబడి తొంగిచూశాను. మంచం మీద పేపర్లన్నీ పరుచుకుని, ఒక్కో పత్రికాఫీసుకూ ఫోన్ చేస్తున్నాడు. తను ఎవరో చెప్పి, ఓపికగా అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు.

"కుడి కాదండీ, ఎడమ. అవునండీ, పట్టీ ఉన్న కాలే."